కొమ్ముపిట్ట తెచ్చిన మూడో పుస్తకం

అనగనగా ఒక అడవిలో, ఒక చెట్టు తొర్రలో, పైడమ్మ అనే కొమ్ముపిట్ట కాపురం ఉండేది. ముక్కు మీద కొమ్ముంటుంది కదా, అందుకని ఆ పిట్టలకి ఆ పేరు. కొమ్ముపిట్టల పద్ధతి మీకు తెలుసా? గుడ్లు పెట్టే వేళకి తల్లి తొర్రలో కూర్చుని, వాకిలిని మట్టితో మూసేసుకుంటుంది. సన్నటి సందు ఒకటే ఉంచుతుంది. తండ్రి అందులోంచి పండ్లు అందిస్తాడు. పిల్లకి రెక్కలు వచ్చేదాకా ఆ గోడ తీయరు.

పైడమ్మ కూతురు పొన్నికి అంత ఓపిక ఎక్కడిది? "నేను బయటికి పోతా!" అని ఒకటే గోల. రోజంతా గోడని ముక్కుతో పొడిచేది.

"ఏమయ్యా, గోడ పగిలిందంటే ఇది కింద పడుతుంది. అక్కడ నక్క కాచుకుని ఉంది. ఏదైనా బొమ్మల పుస్తకం తెచ్చి చదువు, కాస్త కుదురుగా కూర్చుంటుంది," అంది పైడమ్మ భర్తతో.

భర్త కొండయ్యకి పరువంటే ప్రాణం. అడవిలోని లైబ్రరీలో నలుగురూ చూస్తారని 'క్రమశిక్షణ' అనే లావుపాటి పుస్తకం తెచ్చాడు. రెండో పేజీకే పొన్ని మళ్ళీ గోడ మీద పడింది. మర్నాడు 'మన వంశ ఘనత' తెచ్చాడు. ఈసారి గోడ పెచ్చు ఊడింది. కింద నక్క లేచి నిలబడింది. పైడమ్మ గబగబా మట్టి మెత్తింది.

కొండయ్య లైబ్రరీకి ఎగిరాడు. "అమ్మా, పిల్లలు కదలకుండా వినే పుస్తకం ఏదమ్మా?" అని లైబ్రరీ నడిపే ముంగిసని అడిగాడు.

ముంగిస పల్చటి పుస్తకం ఒకటి తీసింది. "ముందు మీరు ఇక్కడే పైకి చదవండి. మీకు నవ్వొస్తేనే పట్టుకెళ్ళండి."

"ఇంతమందిలోనా?"

"పరువు కావాలా, పిల్ల కావాలా?"

కొండయ్య గొంతు సవరించుకున్నాడు. "దున్నపోతు గొడుగు వెనక దాక్కుంది. ఎవరికీ కనబడలేదు." బొమ్మలో గొడుగు ఒక కొమ్ముకి వేలాడుతోంది, దున్నపోతు మొత్తం కనబడుతోంది! కొండయ్య పకపకా నవ్వాడు. పక్కనున్న జింక వింతగా చూసింది. చూస్తే చూసిందిలే అనుకున్నాడు.

ఇంటికొచ్చి, బొమ్మని సందుకేసి తిప్పి చదివాడు. "ఎవరికీ కనబడలేదు."

"అబద్ధం నాన్నా! తోక కూడా కనబడుతోంది!" పొన్ని పడీ పడీ నవ్వింది. "మళ్ళీ చదువు!"

మళ్ళీ చదివాడు. రోజూ చదివాడు. నక్క విసుగెత్తి వెళ్ళిపోయింది.

పొన్నికి రెక్కలు నిండాయి. పైడమ్మే గోడ పగలగొట్టి, "ఇక ఎగరవే తల్లీ!" అంది.

"ఉండమ్మా! దున్నపోతు ఇంకా దాక్కోలేదు," అంది పొన్ని, నాన్న చదువుతున్న పుస్తకం మీంచి కళ్ళు తిప్పకుండా.

నీతి: పిల్లలకి చదవబోయే పుస్తకాన్ని ముందు మనమే పైకి చదివి చూసుకోవాలి, మనకి నవ్వు రానిది వాళ్ళకీ రాదు.