మద్దిలేటి బండికి తగిలిన దిష్టి

లారీకి ఎల్ఈడీ బల్బులు వేయించిన నాటి నుంచి మద్దిలేటికి లోకమంతా పగైపోయింది.

బేతంచెర్లలో నాపరాళ్ళు ఎక్కించుకుని, నంద్యాల మీదుగా నల్లమల ఘాట్ దాటి గిద్దలూరు వైపు తోలే లారీ అతనిది. పాత హాలోజన్ బల్బుల పసుపుపచ్చ వెలుగులో టైరు దిగేదాకా గుంత కనపడేది కాదు. ఇప్పుడు రోడ్డు మీద పాలు పోసినట్టు తెల్లటి వెలుగు. సంతోషించాల్సిందే. కానీ ఎదురొచ్చే ప్రతివాడూ అతని మొహం మీద టపటపా లైటు కొట్టి పోతున్నాడు. కొందరైతే తల బయటపెట్టి అమ్మనీ ఆలినీ కలిపి తిడుతున్నారు.

తను డిమ్ చేస్తూనే ఉన్నాడు. మర్యాద తప్పడం లేదు. అయినా కొడుతున్నారంటే కుళ్ళు కాక ఇంకేమిటి?

అనుమానం ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. మొదట బల్బులు వేసిన ఎలక్ట్రీషియన్ మీదికి పోయింది, నాసిరకం సరుకు అంటగట్టాడేమోనని. తర్వాత ఆ దారిన తిరిగే డ్రైవర్లంతా కూడబలుక్కున్నారేమో అనిపించింది. అటు తిరిగి ఇటు తిరిగి చివరికి ఉస్తాదు మీద వాలింది.

ఉస్తాదు అంటే దస్తగిరి. మద్దిలేటికి స్టీరింగ్ పట్టడం నేర్పినవాడు. ఘాట్‌లో ఏ మలుపుకి ఏ గేరు వెయ్యాలో చెప్పినవాడు. శిష్యుడు సొంతంగా లారీ తోలడం మొదలుపెట్టిన రోజున టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, రెండు హెడ్‌లైట్ల అద్దాల మీదా పైభాగాన నల్లరంగు వేలితో అద్దినవాడూ ఆయనే. అది దిష్టిచుక్క అనుకున్నాడు మద్దిలేటి. చంటిబిడ్డ బుగ్గకి పెట్టినట్టు పెట్టాడని మురిసిపోయాడు కూడా. తీరా కొత్త బల్బులు వేశాక, ఇంత వెలుగుకి ఈ మసి అడ్డమెందుకని బ్లేడు పెట్టి గీకేశాడు.

గీకిన మర్నాడే ఉస్తాదు వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "శానా తెల్లగా ఉండాదిరా" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచే ఈ లైట్లు కొట్టడం మొదలైంది. చుక్క పోయింది, కన్ను పడింది. ఎవరి కన్ను? ఉస్తాదు లారీకి ఇంకా ఆ పాత పచ్చ బల్బులే. మద్దిలేటికి సంగతి తేలిపోయింది.

బంపర్‌కి మిరపకాయలు కట్టాడు. పాత చెప్పు వేలాడదీశాడు. గుమ్మడికాయ పగలగొట్టాడు. లైట్లు కొట్టేవాళ్ళు ఒక్కరు కూడా తగ్గలేదు.

నంద్యాల దాటాక ఉన్న టీ హోటల్లో ఉస్తాదు కనపడేసరికి ఇక కడుపులో దాచుకోలేకపోయాడు.

"నేను డిమ్ చేసినా కొడ్తాండారు ఉస్తాదూ. అంతా ఓర్వలేక. ఈసారి ఎవడన్నా కొట్టనీ. డిమ్ చెయ్యను. రోడ్డు మధ్యలో నుంచి పక్కకి గూడా తియ్యను. ఎవడు రోడ్డు దిగుతాడో చూస్తా!"

ఉస్తాదు చేతిలో గ్లాసు సగంలో ఆగింది. ఘాట్‌లో అలా పంతానికి పోయిన బండ్లు ఏమయ్యాయో ఆ హోటల్లో అందరికీ తెలుసు. కానీ ఆయన కోప్పడలేదు. నీతులు చెప్పలేదు.

"రేపు నీ బండి నాకియ్యి. నాది నువ్వు తోలు," అన్నాడు.

"ఎందుకు?"

"ముచ్చట పడినాననుకో."

ఇంకేముంది, మద్దిలేటి అనుమానానికి పండగే. బల్బులు మార్చేస్తాడా? వైర్లు లాగేస్తాడా? తాళం చేతికిచ్చే ముందు రెండు హెడ్‌లైట్లనీ అటునుంచీ ఇటునుంచీ సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు. ఉస్తాదు పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. తను చెయ్యి పట్టుకుని నేర్పిన శిష్యుడే దొంగను చూసినట్టు చూస్తుంటే ఆ పెద్దాయనకి బాధ కలగకుండా ఉంటుందా?

మర్నాడు ఉస్తాదు తెల్లవారకముందే ఘాట్ ఎక్కి వెళ్ళిపోయాడు. సరుకు దించి సాయంత్రానికి తిరిగి రావాలి. మద్దిలేటి ఉస్తాదు బండి తీసుకుని పొద్దు వాలాక నంద్యాల నుంచి బయల్దేరాడు.

చెట్ల కింద అప్పుడప్పుడే చీకటి పడుతోంది. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా తెల్లటి మంట. రోడ్డు లేదు. చెట్లు లేవు. అంచున పాతిన రాళ్ళు లేవు. మద్దిలేటి చెయ్యి దానంతట అదే లైట్ల డిప్పర్ మీట మీదికి పోయింది. టపటపా కొట్టాడు. ఆ వెలుగు తగ్గలేదు. మళ్ళీ కొట్టాడు. ఎడమ టైరు మట్టిలోకి దిగి గరగరలాడింది. ఆ పక్కనే లోయ. బ్రేకు మీద నిలబడినంత పని చేసి బండి ఆపి, తల బయటపెట్టి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు.

"కండ్లు నెత్తికెక్కినాయా రా నీకు! డిమ్ చెయ్యి!"

"చేసే ఉండాది నాయనా."

ఆ మాట వెలుగులోంచి రాలేదు. ఎడమ పక్క నుంచి, బంపర్‌కి మూరెడు దూరంలోంచి వచ్చింది. భుజాన తువ్వాలుతో ఉస్తాదు నిలబడి ఉన్నాడు. మద్దిలేటి లారీని అవతల వెడల్పు జాగాలో నిలిపి, లైట్లు వేసి ఉంచి, రోడ్డంచున నడుచుకుంటూ ఎదురొచ్చాడు.

మద్దిలేటి కిందికి దిగాడు.

"నువ్వు కనపళ్ళేదు ఉస్తాదూ!"

"ఆ మైలురాయి కాడి నుంచి నీ ఎదురుగానే నడిచొస్తాండా."

"నిజంగా డిమ్‌లోనే పెట్టినావా?"

"నువ్వు పెట్టినట్లే."

మద్దిలేటికి ఏడుపొచ్చింది. ఇంకో మూరెడు ముందుకి పోయి ఉంటే ఆ మనిషి లేడు.

"నువ్వు పెట్టిన చుక్క గీకేసినా. అందుకే దిష్టి తగిలిందనుకున్నా. నీదేమో అని గూడా అనుకున్నా."

"ఆ చుక్క నీకు దిష్టి తగలకుండా పెట్టింది గాదురా," అన్నాడు ఉస్తాదు. "నీ దిష్టి ఎదుటోనికి తగలకుండా."

అంతలో కింది మలుపులో ఇంకో లారీ బరువుగా ఎక్కివస్తున్న చప్పుడు వినిపించింది. మద్దిలేటి ఒక్క పరుగున అవతల వెలుగుతున్న తన సొంత బండి దగ్గరికి పోయాడు. ఎక్కి హెడ్‌లైట్లు ఆర్పేసి, పార్కింగ్ లైట్లు మాత్రం ఉంచి, ఆ చీకట్లో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

లారీ నెమ్మదిగా దాటింది. దాటుతూ, ఎవరో ఏమో ఆ డ్రైవరు, చిన్నగా హారన్ కొట్టాడు.

ఎందుకు కొట్టాడని మద్దిలేటి ఆలోచించలేదు.