వద్దన్నా వడ్డించిన కోడలు

అనగా అనగా అనగా, కొండలింకా పిల్లకొండలుగా ఉన్న కాలంలో, గుమ్మడిపూడి అనే ఊళ్ళో పేరయ్య అనే ఆసామి ఉండేవాడు. కాస్త జరగరా సూరీ, నా కాలు నీ కింద పడి తిమ్మిరెక్కింది. భానూ, నువ్వు ఈ పక్కకి రా. ఊఁ కొట్టాలి మరి! ఊఁ కొట్టకపోతే కథ అలిగి చూరెక్కి కూర్చుంటుంది. నేను కథ చెబుతుంటే వినడానికి పూర్వం చందమామే దిగొచ్చి మన పెరటిగోడ మీద కూర్చునేవాడు. గోడకి ఆ మూల సొట్ట ఉందే, అది ఎవరి బరువుకి పడిందనుకున్నారు?

సరే. పేరయ్య వంటిల్లంటే మామూలు వంటిల్లు కాదు. పప్పు ఎనపాలంటే పప్పుగుత్తి పట్టుకుని గిన్నె చుట్టూ ప్రదక్షిణం చెయ్యాలి. అన్నం వార్చిన గంజి పోవడానికి ప్రత్యేకంగా కాలవ తవ్వించారు. ఆ కాలవ కింద రెండు పంటలు పండేవి. ఆ ఇంట్లో గుడ్డు ఎరగరు, చేప ఎరగరు, మాంసం ఎరగరు. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు. అంతే. అంతే అంటే చిన్నమాటా? అవి ఆరూ కుదిరిన రోజున ఇంద్రుడు కూడా ఆ వీధిలోంచి వెడుతూ తన ఏనుగుని ఆపి, ముక్కు ఎగబీల్చేవాడట.

కానీ కుదిరితే కదా! పేరయ్య భార్య శేషమ్మ మనసు వెన్నే గాని, చేతివంట మాత్రం భగవంతుడా! ఆవిడ చారు కాస్తే కాకులు ఊరు చుట్టి వెళ్ళేవి. ఆవిడ పచ్చడి నూరితే రోలే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఇంట్లోవాళ్ళు కిక్కురుమనకుండా తినేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే తిన్నారు.

అలాంటి ఇంటికి కొడుకు గవర్రాజుని చేసుకుని కోడలొచ్చింది. పేరు మాణిక్యం. పిల్ల చూడ్డానికి కందిపుల్లలా ఉంటుంది గాని, చేతిలో ఏముందో ఏమో! వచ్చిన మర్నాడే శేషమ్మ వంటింటి పెత్తనం ఇచ్చింది. మాణిక్యం లేత పనసపొట్టు ఉడికించి, పోపు పెట్టి, దింపాక పచ్చి ఆవపిండి నూరి కలిపింది. ఆ ఆవ ఘాటు కిటికీలోంచి బయటికి పోయింది. అంతే, జలుబుతో మంచం పట్టినవాళ్ళందరూ లేచి పొలానికి వెళ్ళిపోయారు. ఊరి వైద్యుడు మందులపెట్టె అమ్ముకున్నాడు. నిజమే! అబద్ధమైతే నా ముక్కుపుడక ఊడి పడిపోను.

మగవాళ్ళు తిన్నారు. తింటూ ఏడ్చారు, సంతోషం పట్టలేక. తర్వాత మాణిక్యం గిన్నెల మీద మూతలు పెట్టి, అత్తగారితో కలిసి తినొచ్చని నూతి దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. తిరిగొచ్చి చూస్తే ఏముంది!

మూత తీస్తే పప్పు లేదు. పప్పు పోతే పోయింది కూరుందిగా అంటే, కూర లేదు. కూర పోతే పోయింది పులుసుందిగా అంటే, పులుసు లేదు. పులుసు పోతే పోయింది చారుందిగా అంటే, చారు గిన్నె అడుగున ఒక్క కరివేపాకు రెబ్బ, అదీ చీకేసి.

మొదటిరోజు పిల్లి అనుకున్నారు. చింతపండు పులుసు తాగే పిల్లి ఎక్కడైనా ఉంటుందా? మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. శేషమ్మ మాణిక్యాన్ని ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, ఇంత పొట్టలో అంత తిండి ఎక్కడ పడుతోందే?"

"అత్తయ్యా, ఒట్టు! నేనివాళ మజ్జిగ చుక్క కూడా ముట్టుకోలేదు."

శేషమ్మ ఆ మాట పొరుగింట్లో చెప్పుకుని బాధపడింది. పొరుగిల్లు ఎదురింటికి చెప్పింది, ఎదురిల్లు చాకిరేవుకి చెప్పింది, చాకిరేవు సంతకి చెప్పింది, సంత నుంచి ఆ మాట బండెక్కి మాణిక్యం పుట్టింటికి కూడా పోయింది. పేరయ్య కోడలు బకాసురుడి చెల్లెలట అని.

గవర్రాజు మంచివాడే. కాకపోతే కాస్త బుర్ర తక్కువ. పెళ్ళాన్ని వెనకేసుకొస్తూ, తింటే తిందిలే అమ్మా, ఇంకో గిన్నె వండిస్తే పోలా అన్నాడు. మాణిక్యానికి దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

ఊఁ కొడుతున్నారా? సూరిగాడు నోట్లో వేలేసుకున్నాడు, వాడి ఊఁ వేలుకి అడ్డం పడుతోంది. ఫరవాలేదు, భాను ఇద్దరి తరఫునా కొడుతుంది.

మర్నాడు శేషమ్మ కోడల్ని వీధరుగు మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. చెయ్యి వదల్లేదు. వంటింట్లో ఎవరూ లేరు. అప్పుడు వినపడింది: ఖంగు, మూత తీసిన చప్పుడు. గరిట గిన్నెకి తగిలిన చప్పుడు. సుర్రుమని ఎవరో చారు జుర్రుకున్న చప్పుడు! అత్తాకోడళ్ళు వెళ్ళి చూస్తే మనిషి లేదు. గరిట మాత్రం గాలిలో ఉంది. వీళ్ళని చూసి గరిట సిగ్గుపడినట్టు మెల్లిగా గిన్నెలోకి దిగింది.

"దయ్యమే!" అని శేషమ్మ కోడల్ని కావలించుకుంది. అంతలోనే చటుక్కున వదిలేసింది. నువ్వు రాకముందు ఈ ఇంట్లో దయ్యం లేదు, నువ్వొచ్చాకే వచ్చింది, నీ వెంటే వచ్చి ఉంటుంది అంది. పేరయ్య పెద్ద మీసాలు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి, శుక్రవారం లోపల దయ్యం పోతే సరేసరి, పోకపోతే కోడల్ని బండెక్కించి పుట్టింటికి పంపేద్దాం అన్నాడు. వెళ్తే మళ్ళీ తీసుకురావడం ఉండదని అందరికీ తెలుసు. మాణిక్యం ఆ పూట పప్పు కడుగుతుంటే ఆ పప్పుకి వేరే ఉప్పక్కర్లేకపోయింది.

పేరయ్య భూతవైద్యుణ్ణి పిలిపించాడు. వాడి గడ్డం ఎంత పొడుగంటే, వాడు గుమ్మంలోకి వచ్చేశాక కూడా గడ్డం చివర ఇంకా ఊరవతలే ఉంది. వచ్చి, దయ్యాలకి ఏం కావాలో నాకు తెలుసు, నల్లకోడి కావాలి అన్నాడు. ఈ ఇంట్లో కోడా అని శేషమ్మ ముక్కున వేలేసుకుంది. ఇల్లు మీదే గాని దయ్యం మీది కాదుగా అన్నాడు వాడు. కాళ్ళు కట్టిన నల్లకోడిని వంటింట్లో పెట్టి, కత్తి పైకెత్తాడు.

అటక మీంచి ఒక ముసలావిడ గొంతు వినపడింది.

"ఛీ ఛీ! నా పొయ్యి దగ్గర ఏంట్రా ఆ పని? పాపం, దాని కళ్ళు చూడు, ఎలా బెదిరిపోయిందో!"

గుమ్మడికాయ ఒకటి అటక మీంచి వచ్చి వాడి నెత్తిన పడింది. తర్వాత కందగడ్డ. తర్వాత పెండలం. తర్వాత ఎండుమిరపకాయల మూట. వాడు పరుగెత్తిన పరుగుకి లేచిన దుమ్ము వారం దాకా ఆకాశంలోనే ఉండిపోయింది. కోడి కాళ్ళకున్న తాడు దానంతటదే ఊడింది. అది ఠీవిగా నడుచుకుంటూ గడప దాటి తన దారిన పోయింది.

అందరూ వణుకుతుంటే మాణిక్యం మాత్రం ఆలోచించింది. ఈ దయ్యం రక్తం అడగడం లేదు, పప్పూచారూ అడుగుతోంది. నా పొయ్యి అంది. ఈవిడెవరో మన ఇంటి మనిషే. అత్తయ్యా, ఆకు వేసి భోజనానికి పిలుద్దామా అంది. శేషమ్మ సరేనని అరిటాకు పరిచి, నీళ్ళు చిలకరించి, చేతిలో గరిటతో అటకకేసి చూసి, వడ్డించమంటారా అని అడిగింది.

"వద్దమ్మా, వద్దు. నాకాకలి లేదు. మీరు తినండి," అంది గొంతు.

శేషమ్మ నమ్మేసింది! ఆకలి లేదటే అని ఆకు తీసేసింది. ఇలా నూతి దగ్గరికి వెళ్ళొచ్చారో లేదో, మూత తీస్తే పప్పు లేదు. పప్పు పోతే పోయింది అంటే...

ఆఁ, మీకే వచ్చేసింది! కూర లేదు, పులుసు లేదు, చారు లేదు.

శుక్రవారం వచ్చింది. వీధిలో బండి కట్టారు. మాణిక్యం చీరలు మూటగట్టుకుని, అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, ఒక్కటే అడిగింది. ఈ పూటకి నన్ను వండనివ్వండి, నేనే వడ్డిస్తాను, తర్వాత బండెక్కుతాను అని. పేరయ్య ఎద్దుల్ని విప్పమన్నాడు.

ఆరోజు మాణిక్యం వండిన వంట! కందిపప్పు దోరగా వేయించి ముద్దపప్పు. కందా బచ్చలీ కలిపి కూర. గోంగూర పచ్చడి. ములక్కాడ ముక్కల పులుసు. మిరియాల చారు. పోపు చిటపటలకి ఊళ్ళో పెళ్ళివారి మేళం ఆగిపోయి, వాయించేవాళ్ళు సన్నాయిలు చంకన పెట్టుకుని ఇటే వచ్చేశారు. నేను చెప్పడం తక్కువ చేసి చెబుతున్నాను.

మిట్టమధ్యాహ్నం ఆకు వేసింది. అందరూ గుమ్మం అవతల నిలబడ్డారు.

"బామ్మగారూ, లేవండి, భోజనానికి రండి."

"వద్దమ్మా, ఆకలి లేదు."

మాణిక్యం మళ్ళీ అడగలేదు. మారుమాట్లాడకుండా ఇంత అన్నం పెట్టింది, మీద ముద్దపప్పు వేసింది, గుంట చేసి నెయ్యి పోసింది.

"అయ్యో, అంతెందుకే!" అంది గొంతు. కానీ అన్నం కలిసింది. ముద్ద లేచింది. ముద్ద లోపలికి పోగానే, ఆకు మీద గాలిలో రెండు మట్టిగాజులు కనపడ్డాయి!

"కూర కొంచెం."

"చాలు చాలు."

"కొంచెమే బామ్మగారూ," అని రెండు గరిటెలు వేసింది. గాజుల వెనక చేతులు కనపడ్డాయి. ముడతలు పడ్డ చేతులు, వేలి కొసలు పసుపుపచ్చగా. పచ్చడి వేస్తే భుజం కనపడింది. పులుసు పోస్తే చిన్న ముడి వేసుకున్న నెరిసిన జుట్టు కనపడింది. మళ్ళీ నెయ్యి పొయ్యబోతే ఆవిడ ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నెయ్యి నాకెందుకే? అడుగున ఉన్నది మా పేరిగాడికి ఉంచు. పిల్లాడు పొలంనుంచి ఆకలితో వస్తాడు."

గుమ్మం అవతల పేరయ్య చేతిలో కర్ర కింద పడింది. ఆ మీసాలకీ, ఆ తలపాగాకీ, పేరిగాడు అనే పిలుపు విని ఎన్నేళ్ళయిందో!

"అమ్మా!" అన్నాడు.

వాళ్ళమ్మ సోమిదేవమ్మ. బతికినన్నాళ్ళూ ఊరందరికీ వండింది, వడ్డించింది. చివర్లో ఎవరైనా నువ్వు తిన్నావా అంటే, ఆకలి లేదర్రా అనేది. అందరూ ఆ మాట నమ్మి లేచి చేతులు కడుక్కునేవాళ్ళు. ఆవిడ వంటింట్లో నిలబడే గిన్నె అడుగున మిగిలింది గీరుకునేది. అలా నిలబడి తిన్నది కడుపు నింపలేదు. ఆకలితోనే పోయి, అటకెక్కి కూర్చుంది. శేషమ్మ వండినన్నాళ్ళూ, పాపం, దిగాలనిపించలేదు. మాణిక్యం పోపు వాసన తగిలాక ఉండబట్టలేకపోయింది.

పేరయ్య పసిపిల్లాడిలా ఏడుస్తూ వచ్చి, కోడలి చేతిలోంచి నేతిగిన్నె తీసుకున్నాడు.

"వద్దురా, నాకు..."

"నువ్వు మాట్లాడకు," అని గిన్నె మొత్తం వంపేశాడు. నెయ్యి ఆకు దాటి, పీట దాటి, గంజి కాలవలో కలిసి పారింది. తర్వాత చారు పోశాడు, పెరుగు వేశాడు. మీగడ అంతా తల్లికే. ఆవిడ ముద్ద చేసి, మధ్యలో ఒకటి కొడుకు నోట్లో పెట్టింది. పేరయ్య మీసాల నిండా పెరుగే.

మాణిక్యం ఇంకో గరిట ఎత్తింది. ఆవిడ ఈసారి వద్దు అనలేదు. ఆకు మడిచింది. హాయిగా త్రేన్చింది. అబ్బో, ఆ త్రేన్పు! వీధిలో ఇళ్ళ పెంకులన్నీ లేచి, ఎవరి పెంకులు ఎవరింటి మీద పడ్డాయో తెలియక గుమ్మడిపూడి వాళ్ళు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు. ఆవిడ లేచి, మాణిక్యం నెత్తిన చెయ్యి పెట్టి, కడుపు చల్లగా ఉందే అంది. ఇంగువ పొగ పైకి పోయినట్టు, అలా మెల్లిగా పోయింది.

వీధిలో బండివాడు ఎద్దుల్ని మళ్ళీ కట్టమంటారా అని కేకేశాడు. మాణిక్యం గరిట కింద పెట్టి, తన మూట అందుకోబోయింది. శేషమ్మ ఆ మూటని తన్ని మూలకి తోసింది. కొత్త ఆకు తెచ్చి పరిచింది. నీళ్ళు చిలకరించింది.

"కూర్చో."

"వద్దత్తయ్యా, నాకిప్పుడు ఆకలిగా లేదు."

శేషమ్మ ఆ మాట విననట్టే అన్నం పెట్టింది. పప్పు వేసింది. పప్పు మీద కూర, కూర పక్కన పచ్చడి, పచ్చడి మీద పులుసు, అన్నీ కలిసిపోయి గోదారిలా పారుతున్నా ఆపలేదు. కొత్తగా నేర్చుకుంటోంది మరి. తర్వాత తనే కోడలి పక్కన కూర్చుని, నువ్వు కడుపునిండా తినేదాకా నేను లేవను, నువ్వు చాలని చెప్పినా నేను లేవను అంది. మాణిక్యం ఏడుస్తూ నవ్వింది, నవ్వుతుంటే పొలమారింది. గవర్రాజు పరిగెత్తుకొచ్చి నెత్తిన తట్టాడు. తట్టమన్నది మెల్లిగా. వాడు తట్టిన తట్టుకి ఆ పిల్ల నోట్లో ముద్ద ఎదురింటి అరుగు మీద పడింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో వండినవాళ్ళు నిలబడి తినడం మానేశారు. వాళ్ళకీ ఆకు వేస్తారు. వద్దన్నా ఒక గరిట వేసి చూస్తారు. మనూళ్ళల్లో ఎవరైనా వద్దంటే ఊరికే నమ్మకండర్రా. అన్నం దగ్గర మనవాళ్ళు చెప్పే అబద్ధం అదొక్కటే.

భానూ, నీ ఊఁ కూడా సన్నబడిపోయింది. సూరిగాడు ఎప్పుడో పడుకున్నాడు, వాడికి రేపు నెయ్యి పారిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాలి. కథ కంచి బండెక్కి వెళ్ళిపోయింది, మనం దుప్పటి కప్పుకుని ఇక్కడే ఉండిపోదాం.