కోటలో ముగ్గు పోసిన పేరన

ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రిపుభంజన మహారాజుకు ఇళ్ళు కట్టించే పిచ్చి. చుట్టాలకూ మంత్రులకూ తలా రెండు మేడలు కట్టించాడు. వాటిల్లో సగం మేడల్లో గబ్బిలాలే కాపురం. అయినా ఆశ తీరలేదు. రాజధాని పక్కనున్న తుంగమడుగును మట్టితో పూడ్చి, అక్కడ ఇంకో వంద మేడలు లేపుతానన్నాడు.

ఆ మడుగు గట్టున తుంగ కోసి చాపలల్లే కుటుంబాలు తాతల నాటి నుంచీ ఉన్నాయి. కొండల మీది వాననీళ్ళు ఆ మడుగులోనే ఆగి ఇంకేవి. ఊళ్ళో బావులన్నీ ఆ ఊటతోనే నిండేవి. రాజుకు ఇదేమీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఏడాదికొకసారి ఆ వాడవాళ్ళు పొయ్యిలన్నీ ఆర్పేసి, పిల్లా మేకలతో సహా అమ్మవారి తోపుకు పోతారు. మొక్కు తీర్చుకుని పొద్దుగూకే వేళకు తిరిగొస్తారు. సరిగ్గా ఆరోజే రాజుగారి కొలతగాళ్ళు వెళ్ళారు. హద్దుకు కొయ్యమేకులు దిగ్గొట్టి వచ్చి, "ఖాళీ నేల ప్రభూ" అన్నారు. మరి గుడిసెలు కనబడలేదా? చూడదలచుకోనివాడికి ఏనుగు కూడా కనబడదు.

చాపలల్లే ఎర్రక్క ఆస్థానంలో మాటకారి పేరన దగ్గరికొచ్చింది. "పున్నమిలోగా పొమ్మంటున్నారయ్యా. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోయేది?" అని ఏడ్చింది. ఆ మాట విని పేరనకు ఒళ్ళు మండింది.

కొలువుకు పోయి రాజుకు జరిగింది చెప్పాడు. అది వాళ్ళ పండుగ రోజని, మడుగు పూడిస్తే బావులు ఎండుతాయని మొత్తుకున్నాడు.

రాజు మీసం దువ్వాడు. "మనిషి లేని, పొయ్యిలో నిప్పు లేని చోటు ఖాళీ నేలే. ఇది నా శాసనం, చాటింపు వేయించండి. నీళ్ళంటావా, ఎక్కడో ఒకచోట నుంచి వస్తాయి."

"చిత్తం" అన్నాడు పేరన. "అయితే ఆ నేల ఇక తమదే కాబట్టి, అక్కడి అమ్మవారి మొక్కు కూడా తమదే. కోటలో పొయ్యిలన్నీ ఆర్పించి, కాపలావాడితో సహా అందరూ తోపుకు పోవాలి. చాపలవాళ్ళే చేసే మొక్కు మహారాజు చేయకపోతే ఏం బావుంటుంది?"

ఆడంబరమంటే చెవి కోసుకునే రాజు ఆ మాటకు పొంగిపోయాడు. ఏనుగులు, పల్లకీలు, రాణులు, వంటవాళ్ళు, భటులు, అందరూ తరలిపోయారు. మధ్యలో వచ్చి కోట చూసిపోతానని పేరన ఒక్కడే ఊళ్ళో తన ఇంట్లో ఉండిపోయాడు.

సాయంత్రం రాజు ఆకలితో తిరిగొచ్చాడు. కొలువుకూటం నిండా పునాదికి పోసినట్టు సున్నపు గీతలు. సింహాసనం ముందు కొయ్యమేకు. పడకగదిలో ఎర్రక్క వాడవాళ్ళ మూటలు. మంచినీళ్ళ బావి చుట్టూ మట్టి కుప్పలు, తట్టలు పట్టుకుని మనుషులు.

రాజు కత్తి మీద చెయ్యి వేశాడు. "ఎవడు చేశాడీ పని?"

"నేనే ప్రభూ. పొద్దున వచ్చి చూస్తే మనిషి లేడు, పొయ్యిలో నిప్పు లేదు. తమ శాసనం ప్రకారం ఇది ఖాళీ నేల. ఇల్లు లేనివాళ్ళకు ఇళ్ళు కట్టిద్దామని ముగ్గు పోయించాను."

"బావి పూడిస్తే మేం తాగేదేమిటి?"

"ఎక్కడో ఒకచోట నుంచి వస్తాయిగా."

వెనక రాణులు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఏనుగు మావటి కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. తన శాసనాన్ని కాదంటే పరువు పోతుంది, ఔనంటే కోట పోతుంది. రాజు కాసేపు పళ్ళు నూరి, చివరికి తనూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? శాసనం రద్దన్నాడు, మడుగు జోలికి పోనన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరనకు ఇవ్వబోయాడు.

పేరన చెయ్యి చాపలేదు. "హారం వద్దు ప్రభూ. నాకు కోపం ఇంకా తగ్గలేదు. మడుగులో దిగ్గొట్టిన మేకులు తమరే స్వయంగా పీకాలి."

మడుగు జోలికి పోనని ఇచ్చిన మాట అందరూ విన్నారు కాబట్టి తప్పలేదు. మర్నాడు మహారాజు పట్టుపంచె ఎగ్గట్టి, మోకాటిలోతు బురదలో దిగాడు. ఒక్కొక్క మేకూ ఊడబెరికి, నడుం పట్టుకుని గట్టెక్కాడు.

"అయిపోయినట్టేనా?" అన్నాడు రొప్పుతూ.

"ఇంకొకటుంది దొరా" అంది ఎర్రక్క, తన గుడిసె తలుపు తీసి. "మా పొయ్యి మధ్యలో."