ఓబులమ్మ జొన్నపాతర

పాతరంటే ఏంటని పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తున్నావు కదే చిట్టీ! ఇలా వచ్చి పడుకో, చెబుతాను. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేస్తే అది పాతర. పాతిపెడతారు గనక పాతర. కరువొస్తే తీసుకుందామని అలా దాచేవాళ్ళు.

అనగనగా ఎప్పుడో, ఎన్నేళ్ళ కిందో నాకూ సరిగ్గా తెలియదు, నల్లరేగడి నేలల్లో ఒక ఊళ్ళో ఓబులమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడ పెరట్లో పాతర వేసింది. ఎక్కడ వేసిందో కోడలు గంగమ్మకి కూడా చెప్పలేదు. అంత పిసినిగొట్టు!

గుర్తుకని పాతర మీద ఒక రాయి పెట్టింది. అప్పుడు దొంగలు పసిగడతారని భయమేసి, రాయిని గోడ దగ్గరికి జరిపింది. ఆ తర్వాత ఆముదం చెట్టు కిందికి జరిపింది. ఆ తర్వాత చూరు కిందికి జరిపింది. దొంగల సంగతేమో గానీ, ఆవిడకే తికమకయిపోయింది.

రెండేళ్ళు వాన లేదు. ఊరివాళ్ళు విత్తనాలు కూడా వండుకు తినేశారు. ఓబులమ్మ మాత్రం ఇంతకంటే పెద్ద కరువొస్తుందేమోనని పాతర తియ్యలేదు. మూడో ఏడు కుండపోతగా కురిసింది. తడి ఆరేలోగా విత్తాలి, లేకపోతే ఆ ఏడూ పస్తే. అప్పుడు ఊరంతా విత్తనాల కోసం వచ్చి ఓబులమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"యాడుందత్తా?" అని అడిగింది గంగమ్మ.

"రాయి కిందే... కాదు, రాయి జరిపితి కదా... ఉండవే, జ్ఞాపకం రానీ."

గోడ దగ్గర తవ్వారు, మట్టి. ఆముదం చెట్టు కింద తవ్వారు, వేళ్ళు. చూరు కింద తవ్వారు, ఏమీ లేదు. ఓబులమ్మకి తన పెరడే ఎవరిదోలా కనిపించింది. కూలబడి పసిపిల్లలా ఏడ్చింది. చెబుతుంటే నాకే జాలేస్తోందే!

అప్పుడు గంగమ్మ చూసింది, వానకి పెరట్లో ఒకచోట నేల కుంగి ఉంది. అక్కడ తవ్వితే పాతర! లోపలి విషపు ఆవిరి పోయేదాకా ఆగి దిగారు. పైనా, పక్కలా జొన్నలు నల్లగా కుళ్ళిపోయాయి. నడుమ మాత్రం రెండు బుట్టలు మిగిలాయి.

"మన చేనికి సరిపోతాయత్తా" అంది గంగమ్మ.

ఓబులమ్మ బుట్టల వంక చూసింది, జనం వంక చూసింది. ఆ తర్వాత ఇంటికి ఇన్ని దోసిళ్ళని పంచేసింది. తనకీ అందరికిచ్చినంతే ఉంచుకుంది.

గంగమ్మ నోరు తెరిచింది. "ఇదేందత్తా, నాకే చూపించకపోతివి, ఇప్పుడు ఊరికంతా ఇస్తివి?"

"నేను దాస్తే నాకే దొరకలేదే గంగా. ఇంక వారం తిరిగేతలికి గింజ ఏ చేలో ఉండాదో మొలకే చెప్తాది."

కథ కంచికి,
గింజ మట్టికి,
నిద్ర మా చిట్టి కంటికి!