గోడ అవతల రెండు వందల పన్నెండు మంది

నేను చేరిన రోజున మా వంజరపేట ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో విద్యార్థులు రెండు వందల పన్నెండు మంది, లెక్చరర్లు పదకొండు మంది, లైబ్రరీలో పుస్తకాలు వెయ్యిన్నీ అరవై, వేలిముద్ర మిషను ఒకటి. ఇవి లెక్కపెట్టగలిగినవి. లెక్కకి అందనిది ఒక్కటే, మా తెలివి.

ఆఫీసు గడియారం పది నిమిషాలు వెనక నడుస్తుంటే దాన్ని బాగుచేయించడం ఎవరైనా చేస్తారు. మా ప్రిన్సిపాల్ తవిటయ్య గారు మాత్రం ఊరి బస్సుని పది నిమిషాలు ఆలస్యంగా నడపమని డిపోకి లేఖ రాశారు. అలాంటి బుర్రలు పదకొండు ఒకే కాలేజీలో ఉండడం మామూలు సంగతి కాదు. అందులో నాది స్టాటిస్టిక్స్ బుర్ర. పేరు ధనుంజయ, వయసు ఇరవై ఆరు, ఏ లెక్కయినా నోటితో చేసేస్తాను.

ఇలా ఉండగా జూలైలో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. అందులో మూడు లక్ష్యాలు. ప్రతి విద్యార్థీ ఏడాదిలో లైబ్రరీ నుంచి పది పుస్తకాలు తీసుకోవాలి. వేలిముద్ర మిషన్లో హాజరు నూటికి తొంభై పడాలి. పరీక్ష రాసినవాళ్ళలో నూటికి ఎనభై మంది పాసవ్వాలి. ఇవి చేరకపోతే కాలేజీని ఎత్తేసి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని టౌన్ కాలేజీలో కలిపేస్తారు.

తవిటయ్య గారు దాన్ని అసెంబ్లీలో చదివి వినిపించారు. చదవడం అయ్యాక రెండో ఏడాది బీఎస్సీ అమ్మాయి హైమావతి లేచి నిలబడింది. టౌన్ నుంచి తిరుగు బస్సు రాత్రి ఎనిమిదికి గాని లేదని, చీకటి పడేలోపు ఇంటికి వస్తేనే చదువని వాళ్ళ నాన్న మొదటే చెప్పాడని అంది. కాలేజీ టౌన్‌కి పోతే తనలాంటి ఆడపిల్లలు నూట తొమ్మిది మంది ఇంట్లో కూర్చోవాల్సిందేనంది.

"నువ్వు కూర్చోమ్మా, మేం ఉన్నాం కదా" అన్నారు తవిటయ్య గారు. ఆమె కూర్చుంది గాని ఆ మాటతో ఆమె ముఖం ఇంకా వాడిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ముందు పుస్తకాల పని పట్టుకున్నాం. రెండు వందల పన్నెండు మందికి పదేసి చొప్పున రెండు వేల నూట ఇరవై పుస్తకాలు కావాలి. ఉన్నవి వెయ్యిన్నీ అరవై. సరిగ్గా సగం. లెక్క ఇంత నిండుగా కుదరడం నేనెప్పుడూ చూడలేదు. "ఒక్కో పుస్తకాన్ని రెండు చేస్తే సరి" అన్నాను. అంతే. ఎటెండరు పైడిరాజు జవాబు పత్రాలు కత్తిరించే పెద్ద కత్తి తెచ్చాడు. లైబ్రేరియన్ కూర్మారావు గారు స్కేలు పెట్టి ప్రతి పుస్తకం నడుమ గీత గీశారు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క పుస్తకం పోకుండా కాపాడిన మనిషి, ఏడుస్తూనే గీశారు గాని గీత ఎక్కడా వంకర పోనివ్వలేదు.

హైమావతి తన పది ముక్కలూ తీసుకుని వచ్చింది. "సార్, కెమిస్ట్రీలో నాకు జవాబులొచ్చాయి. ప్రశ్నలు ఎవరికి పోయాయో తెలీడం లేదు" అంది.

జవాబులే వచ్చాయంటే నీ అదృష్టం కదా అని సంతోషించాం. ఎలా చదవాలి అని ఆమె మళ్ళీ అడిగింది. తవిటయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా మరోసారి చూశారు. "తీసుకోవాలి అని ఉందమ్మా. చదవాలి అని ఎక్కడా లేదు" అన్నారు.

ఇక హాజరు. మా మిషను ముసలిది. ఒక్కో వేలు చూడటానికి నిమిషం పడుతుంది. పొద్దున రాగానే ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి వేలు పెట్టాలి. రెండు వందల పన్నెండు నిమిషాలంటే మూడు గంటల ముప్ఫై రెండు నిమిషాలు. రెండుసార్లకీ ఏడు గంటల నాలుగు నిమిషాలు. కాలేజీ తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా, ఏడు గంటలు. నాలుగు నిమిషాలు తక్కువ పడ్డాయి. ఆ నాలుగు నిమిషాల కోసం నేను రెండు రోజులు ఆలోచించి, ఆఖరి గంట నాలుగు ముప్ఫై నాలుగుకి కొట్టించాను. ఇంకేముంది, హాజరు నూటికి తొంభై ఎనిమిది.

పొద్దున గేటు తీసిన దగ్గర నుంచి లైను. మధ్యాహ్నం లైనులోనే క్యారేజీలు విప్పుకునేవారు. లైను గేటు దాటి టీ కొట్టు దాకా పోయేది. టీ కొట్టువాడు మా కాలేజీ ఇంత బాగా నడవడం తన ఎరుకలో లేదన్నాడు. ముందు వేలు పెట్టేసినవాళ్ళకైనా పాఠం చెప్పండి అని హైమావతి బతిమాలింది. అలా క్లాసులోకి వెళ్తే సాయంత్రం లైనులో వాళ్ళ చోటు పోతుంది కదా అని కూర్మారావు గారు ఓపిగ్గా నచ్చజెప్పారు. పదకొండు మంది లెక్చరర్లం మేం ఖాళీగా లేం. లైను వంకర పోకుండా చూసుకునేవాళ్ళం.

అలా నవంబరు వచ్చింది. మూడో లక్ష్యం మిగిలింది. పరీక్ష రాస్తే ఎంతమంది పాసవుతారో తెలుసుకుందామని ముందుగా మేమే ఒక పరీక్ష పెట్టాం. రెండు వందల పన్నెండు మందిలో పాసైంది ఒక్క హైమావతి. ఆ అమ్మాయి ఇంటింటికీ తిరిగి, తన ముక్కలకి జోడీ ముక్కలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివిందట. మిగతావాళ్ళు ఎవరి సగం వాళ్ళు రాశారు.

తవిటయ్య గారు తల పట్టుకున్నారు. నేను సుద్దముక్క పట్టుకున్నాను. కాగితంలో ఏముంది? రాసినవాళ్ళలో నూటికి ఎనభై. అంటే రాసినవాళ్ళే లెక్క. రాయనివాళ్ళు లెక్కలోకి రారు. కాబట్టి హైమావతి ఒక్కతే రాస్తే ఒకటికి ఒకటి, నూటికి నూరు. గదిలో పది బుర్రలూ ఒక్కసారి ఊగాయి. కూర్మారావు గారైతే నా వీపు తట్టి, నీకు జ్వరం వస్తే ఈ కాలేజీ ఏమైపోతుందో బాబూ అన్నారు.

హైమావతిని పిలిచి శుభవార్త చెప్పాం.

"మరి మిగతా రెండు వందల పదకొండు మందికీ ఏడాది పోదా సార్?"

పోతుంది గాని అది లెక్కలోకి రాదని చెప్పాం.

"అయితే నేనూ రాయను. మాకు పాఠాలు చెప్పండి. అందరం రాస్తాం, అందరం పాసవుతాం. అది అంత కష్టమా?"

ఆమె రాయకపోతే సున్నాలో సున్నా అవుతుంది, సున్నాని సున్నాతో భాగించడం గణితంలో కుదరదని నేను అరగంట వివరించాను. ఆమె వినలేదు. తెలివి లేనివాళ్ళతో వాదించడం చాలా కష్టం.

ఆ వారమే పై ఆఫీసు నుంచి తనిఖీకి మేడమ్ గారు దిగారు. ముందు కాగితాలు చూశారు. హాజరు తొంభై ఎనిమిది, మనిషికి పది పుస్తకాలు. ఇంత మంచి కాలేజీ జిల్లాలో ఉందని తనకి తెలీదన్నారు. తవిటయ్య గారు కొబ్బరి నీళ్ళు ఇప్పించారు. తర్వాత ఆవిడ వరండాలోకి వచ్చి లైను చూశారు. లైనులో ఒక కుర్రాణ్ణి ఈ ఏడాది ఏం చదివావని అడిగారు. వాడు సంచిలోంచి సగం పుస్తకం తీసి, రెండు వందల ముప్ఫై ఒకటో పేజీ నుంచి అని చెప్పాడు. మేడమ్ గారు అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయి ఈసారి మంచినీళ్ళు అడిగారు.

చాలాసేపటికి లేచారు. హైమావతి చెప్పింది కూడా పక్కకి వెళ్ళి విన్నారు. కారెక్కే ముందు తవిటయ్య గారితో మెల్లగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "ఆ మూడు లక్ష్యాలూ వదిలేయండి. మీ కాలేజీ నిజంగా చేయగలిగింది ఏదో మీరే చూసుకుని, ఒకే ఒక్క లక్ష్యం రాసి పంపండి. దాన్ని నూటికి నూరు చేరాలి. నెల రోజులు టైమ్. అది కూడా చేతకాకపోతే కాలేజీ ఎత్తేస్తాను."

ఇంకేముంది, పదకొండు మందిమీ తలుపులేసుకుని కూర్చున్నాం. నూటికి నూరు చేరగల లక్ష్యం ఏది? అందరూ పాసవడం అన్నారొకరు. ఒక్కడు తప్పినా పోతుంది. రోజూ పాఠాలు చెప్పడం అన్నారొకరు. ఒక్క రోజు గొంతు పట్టేసినా పోతుంది. మూడు రోజులు అలా కొట్టుకున్నాం. నాలుగో రోజు తవిటయ్య గారికి తట్టింది. మనిషి తప్పకుండా చేయగలిగిన పని ఒకటే ఉంది, మూసేయడం. విద్యార్థులు సున్నా. తప్పినవాళ్ళు సున్నా. రానివాళ్ళు సున్నా. ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు.

"కాలేజీ ఎత్తేయకుండా ఉండటానికి కదండీ ఇదంతా" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ పైడిరాజు.

"అందుకే కదరా. మూసేస్తే మనకి నూటికి నూరు వస్తుంది. నూటికి నూరు వచ్చిన కాలేజీని ఎవరైనా ఎత్తేస్తారా?" అన్నారు తవిటయ్య గారు.

అంతే, లక్ష్యం రాసి పంపేశాం.

గడువుకి వారం ముందు, ఇళ్ళకి పొమ్మని విద్యార్థులకి చెప్పాం. చాలామంది వెళ్ళారు. హైమావతి నాలుగో నంబరు గదిలో ముందు బెంచీ మీద కూర్చుంది. ఆమె వెనక మరో నలభై మంది. తవిటయ్య గారు చేతులు జోడించారు. కూర్మారావు గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"పాఠం చెప్పేదాకా లేవం సార్" అంది హైమావతి.

నలభై ఒక్క మంది. లోపల ఒక్కరున్నా సున్నా కాదు. వాళ్ళని కదపలేం. నేను టేపు పట్టుకుని బయటికి వెళ్ళాను. నాలుగో గదికి ప్రహరీ గోడ తొమ్మిది అడుగుల దూరంలో ఉంది. గది లోతు ఇరవై రెండు. అంటే గోడని ముప్ఫై ఒక్క అడుగులు లోపలికి జరిపితే నాలుగో గది గోడ బయట పడుతుంది. బయట ఎంతమంది కూర్చుంటే మాకేం?

తవిటయ్య గారు నన్ను కావలించుకున్నారు. ఆ సంగతి చెబుదామని గదిలోకి వెళ్ళాం. హైమావతి అంతా వింది.

"అప్పుడు లోపల మీకు పనేం ఉంటుంది సార్?"

విద్యార్థులే లేకపోతే పనేముంటుంది, ఖాళీయే అన్నాను.

"అయితే గోడ దాటి వచ్చి మాకు పాఠం చెప్పొచ్చు కదా?"

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందులో తప్పు ఎవరికీ దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. హైమావతి వెనక్కి తిరిగి, వెళ్ళిపోయినవాళ్ళందర్నీ పిలుచుకు రండి, గోడకి సాయం పట్టాలి అని చెప్పింది.

మర్నాటికి రెండు వందల పన్నెండు మందీ వచ్చేశారు. నాలుగో గది ఎటూ చాలదు. మూడో గది బయటికి కావాలి, రెండోది కావాలి, ల్యాబు కావాలి. కూర్మారావు గారు లైబ్రరీ కూడా బయటే ఉంటే పుస్తకాలు కుట్టించుకుంటానన్నారు. నేను కొలుస్తూ పోయాను, కాగితం మీద గోడ జరుగుతూ పోయింది. ఇవాళ మధ్యాహ్నానికి లెక్క తేలింది. గోడ లోపల మిగిలేది ప్రిన్సిపాల్ గారి గది ఒక్కటే, పది అడుగులకి ఎనిమిది. కాలేజీ అంటే ఇక అదే. నూటికి నూరు.

ముగ్గు పోశాం. దారం కట్టాం. తవిటయ్య గారు లోపల తన కుర్చీలో కూర్చుని, కానివ్వు ధనుంజయా అంటున్నారు. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు, గోడ సరిగ్గా దాని ముందు నుంచే వస్తుంది. గునపం నా చేతిలో ఉంది, పాత గోడలో మొదటి ఇటుక ఇప్పుడే తీస్తున్నాను.