మందరాళ్ల కనుమలో కుంటిరాయి

పూర్వం దేవప్ప నాయకుడనే ప్రభువు ఈ సీమను ఏలుతున్న కాలంలో, ఇప్పుడు మనం మందరాళ్ల కనుమ అని చేతులెత్తి మొక్కే ఈ రెండు కొండల నడుమ, ఈరక్క అనే పడుచు గొర్రెలు కాసుకుంటూ ఉండేది. మందను లెక్కపెడితే దిష్టి తగులుతుందని కాపరులు సాయంకాలం ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచేవారు. నడక ఆలస్యం గనుక కుంటిదాన్నే ముందు పిలవాలి.

ఒక వైశాఖ మధ్యాహ్నం, గుడి నీడైనా లేక ఎండకు మాడిపోతున్న మందలను కాచే మందమ్మ తల్లి రాతిని చూసి ఈరక్క మనసు కరిగిపోయి, తన నెత్తిమీది గొంగడి తీసి ఆ తల్లికి కప్పింది. ఆహా, ఎంత ప్రేమ! ఆ సాయంత్రం "రావే కుంటీ, రావే" అని పిలిచిందో లేదో, గొర్రెపిల్ల వెనకాలే ఒక చిన్నరాయి కుంటుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగింది! "పోవే" అంటే మళ్లీ కొండమీదికి పోయింది!

పరుగున ఇంటికి పోయి, "మామా, రాయి నడిచొచ్చింది!" అంది.

"ఎండదెబ్బ తగిలిందే నీకు. మజ్జిగ తాగి పడుకో" అని నవ్వాడు పెనిమిటి తిప్పయ్య. పరాయి సీమ నుంచి వాగుమీది కట్టపనికి వచ్చి, ఆమెను వలచి ఇక్కడే నిలిచిపోయిన ఒంటరివాడతడు.

శ్రావణంలో వాగు పొంగి కట్టకు గండిపడింది. నరబలి ఇస్తేనే నిలుస్తుందని, అడిగే బంధువులు లేరని, నాయకుడి ఎదుటే ఊరివాళ్లు తిప్పయ్యను తాళ్లతో కట్టి గండి అంచున నిలబెట్టారు.

"అడగడానికి నేను లేనా? దొరా, నా మొగుడు నీకు మట్టితట్టనా, గండిలో పోయడానికి?" అని ఈరక్క అరిచింది.

"అయితే నువ్వే పూడ్చు తల్లీ, చూస్తాం!" అని తలారి ఎగతాళి చేశాడు.

ఆమె గట్టెక్కి, కొండవైపు తిరిగి, తన గొర్రెల పేర్లతోనే గొంతెత్తింది. "రావే బొల్లీ! రావే మచ్చా! రావే చుక్కా!" కొండకు కొండే కదిలింది! ఏనుగులంత బండలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, బురద చిమ్ముకుంటూ, దొడ్డిలో దూరే గొర్రెల్లా గండిలో దూరి కుదురుకున్నాయి. కానీ భయంలో ఆచారం మరిచి కుంటిదాన్ని ఆఖరున పిలిచింది. అప్పటికే గొంతు పూడుకుపోయింది. చిన్నరాయి సగం వాలులోనే ఆగిపోయింది, కట్టలో జానెడు సందు మిగిలిపోయింది.

బలి తప్పదంటూ జనం మళ్లీ తిప్పయ్య వైపు తిరిగారు. అతడు మాత్రం నీళ్లకేసి చూసి నవ్వాడు. "ఆ సందు ఉండనీయండి సామీ. నీళ్లకు దారి లేకపోతే రేపు ఇదీ తెగుతుంది." నిజంగానే వరద ఆ సందులోంచి సన్నగా జారిపోతూ నెమ్మదించింది. నాయకుడు తానే కత్తి దూసి అతని తాళ్లు కోసి, ఈరక్క పాదాలకు మొక్కాడు.

ఆమెకు గొంతు మళ్లీ రాలేదు. బతికినన్నాళ్లూ ఆమె మందను సాయంత్రాలు తిప్పయ్యే పిలిచాడు, కుంటిదాన్నే ముందుగా.

ఆ సందులోంచి జారే ధారే నేడు మనం నెత్తిన చల్లుకునే మందమ్మ తీర్థం. వాలులో ఒంటరిగా ఒరిగి ఉన్నదే కుంటిరాయి. శ్రావణ జాతరలో అమ్మవారికి గొంగడి కప్పేముందు జనమంతా అటు తిరిగి, ఈరక్కకు బదులుగా, "రావే కుంటీ, రావే" అని ఒక్కగొంతుతో పిలుస్తారు. మా అవ్వ చిన్ననాటికీ ఇప్పటికీ అది జానెడు కిందికి దిగిందట. నిజమో కాదో ఎవరూ కొలవలేదు. కొలవడం మా ఆచారం కాదు, పిలవడమే.