గూడు లేని సొరంగం

విశాఖపట్నం మర్రిపాలెంలో కూర్మారావు అనే రిటైరైన రైల్వే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు, గీత గీయడంలో ఎంత గట్టివాడో, ఆ గీతలో తప్పుందన్నవాడి మీద ఒంటికాలి మీద లేవడంలోనూ అంత గట్టివాడు. ముప్పై రెండేళ్ళు ఆఫీసులో పెన్సిలు పట్టాడు. వంతెనలు గీశాడు, స్టేషన్లు గీశాడు, అరకు కొండల్లో రైలు దూరే సొరంగాలు గీశాడు. ఆ ముప్పై రెండేళ్ళలో అతని కాగితం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగిన ప్రతివాడూ చివాట్లు తిన్నాడు. చివరికి అందరూ అడగడం మానేశారు. తన గీతలో తప్పుల్లేవు కాబట్టే ఎవరూ అడగడం లేదని కూర్మారావు అనుకునేవాడు.

అతని భార్య నూకరత్నం. ఆమె అన్న పైడయ్య అరకు లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. భుజాన సుత్తి వేసుకుని, చేత్తో జెండా పట్టుకుని, పట్టాలు చూసుకుంటూ ముప్పై ఏళ్ళు నడిచాడు. ఒకడు గీసిన లైను మీద ఇంకొకడు నడిచాడన్నమాట. రిటైరయ్యాక ఇంట్లోనే ఆ లైనుకి చిన్న నమూనా కట్టాలని, బుల్లి రైలు నడపాలని బావలిద్దరూ ఏళ్ళ తరబడి అనుకునేవారు. ప్రతి ఆదివారం పైడయ్య గోపాలపట్నం నుంచి వచ్చేవాడు. కాఫీ తాగుతూ ఇద్దరూ అవే మాటలు చెప్పుకునేవారు. ఈమధ్య పైడయ్య మోకాళ్ళు పూర్తిగా పాడయ్యాయి. ఇక ఆ కొండలెక్కే యోగం లేదు. తను నడిచిన దారిని బల్ల మీదైనా ఒక్కసారి చూసుకోవాలన్నదే ఆయన కోరిక.

సరే, కూర్మారావు కారుని వీధిలో ఎండలో నిలబెట్టి, కారు షెడ్డు ఖాళీ చేయించాడు. నెల రోజులు కూర్చుని పెద్ద కాగితం మీద ప్లాను గీశాడు. నాలుగు సొరంగాలు, రెండు వంతెనలు, ఒక స్టేషను. ఆ కాగితాన్ని షెడ్డు గోడకి అంటించాడు. గోడకి ఆనించి బల్ల వేయించాడు, పట్టాలు పరిచాడు, కొండకి చెక్కలతో చట్రం కట్టాడు. కొత్తగా ఏది బిగించినా వెంటనే ఓసారి బండి నడిపి చూడటం అతను తనకి తాను పెట్టుకున్న నియమం. ఒక ఆదివారం పొద్దున్న బండి పదకొండు చుట్లు తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

ఆ పూటే పైడయ్య వచ్చాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో బొటనవేలంత లక్కబొమ్మ ఉంది. ఏటికొప్పాకలో తెలిసిన బొమ్మలాయన చేత ప్రత్యేకం చేయించాడట. తలపాగా, భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా. గ్యాంగ్‌మన్ బొమ్మ. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "వీడు మనోడే బావా. మరి సొరంగంలో వీణ్ణి ఎక్కడ నిలబెడతావు?" అని అడిగాడు.

కూర్మారావు గోడ మీది కాగితం వంక చూశాడు. అసలు సొరంగాల్లో కొంత దూరానికొకటి చొప్పున గోడలో గూళ్ళుంటాయి. లోపల మనిషి ఉండగా బండి వస్తే, ఆ గూట్లోకి తప్పుకుంటాడు. ఆఫీసులో అలాంటి గూళ్ళు అతను వందల కొద్దీ గీశాడు. ఇంట్లో గీసిన ప్లానులో ఒక్కటంటే ఒక్కటి లేదు. మర్చిపోయాడు. ఆ మాటే పైకి అనేసి ఉంటే పోయేది. చెప్పొద్దూ, నాకిక్కడే ఒళ్ళు మండుతుంది. ఒక్క ముక్క, మర్చిపోయానని ఒక్క ముక్క అనడానికి మనిషికి ఏం రోగం?

అనలేదు. బొమ్మలకి గూళ్ళెందుకని విసుక్కున్నాడు. పైడయ్య ఆ విసుగు గమనించలేదు. గ్యాంగ్‌మన్ కళ్ళు కదా, లోటు మీదే ఉన్నాయి. కొండకి ఆ పక్కన గోడ ఉంది, బండి లోపల ఆగిపోతే చెయ్యి ఎలా పెడతావు, వెనకాల చిన్న తలుపొకటి పెట్టమని కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. ఆ వేలు చూసేసరికి కూర్మారావు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"సుత్తి మోసినవాడివి, నాకు ప్లాను నేర్పుతావా? పట్టాల మీద నడవడం వేరు, పట్టాలు గీయడం వేరు. వెళ్ళు, వెళ్ళి కాఫీ తాగు" అంటూ పైడయ్య చేతిని విసురుగా తోసేశాడు.

బొమ్మ ఎగిరి ఎక్కడో పడింది. పైడయ్య దానికోసం వంగబోయాడు. మోకాళ్ళు వంగలేదు. గోడ పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"బొర్రా దాటాక ఒక సొరంగంలో ఉండగా ఇనపరాయి మోసే గూడ్సుబండి వచ్చేసింది. గూట్లోకి దూరాను. నా మొహానికి జానెడు దూరంలో బండి పోయింది. ఆ గూడు గీసినాయన ఎవరో గానీ, ఇన్నాళ్ళూ దణ్ణం పెట్టుకున్నాను. నువ్వే అయ్యుంటావనుకున్నాను బావా" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడ్డ నూకరత్నం అంతా విన్నది. మా అన్న కాలు పెట్టని షెడ్డులో నేనూ కాలు పెట్టనని చెప్పి, కాఫీ వెనక్కి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి అన్నం వడ్డించేది, మాట్లాడేది కాదు.

బుద్ధున్నవాడైతే అక్కడ ఆగేవాడు. కూర్మారావు పళ్ళు నూరుతూ ఆ సాయంత్రమే కొండ మూసేశాడు. చట్రం మీద ఇనప జాలీ బిగించాడు, తడి కాగితాలు పరిచాడు, పైన ప్లాస్టరు పూశాడు. కోపంలో చేతులు చకచకా ఆడాయి. మూసేముందు లోపలికి తొంగి చూడలేదు. తన నియమం ప్రకారం బండి నడిపి చూడాలి కదా, అదీ చెయ్యలేదు. పొద్దున్న పదకొండు చుట్లు తిరిగింది, చాలదా అనుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు బండి జోలికి పోకుండా కొండకి రంగులేస్తూ, చెట్లు అతికిస్తూ గడిపాడు.

నాలుగో ఆదివారం పాత ఆఫీసు స్నేహితులు నలుగుర్ని పిలిచాడు. పైడయ్యని పిలవలేదు. స్విచ్చి నొక్కగానే బండి స్టేషను వదిలింది. మొదటి సొరంగం దాటింది, వంతెన దాటింది, రెండో సొరంగం దాటింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. మూడో సొరంగంలోకి పోయిన బండి బయటికి రాలేదు. లోపల కిర్రుమని చప్పుడైంది. కాసేపటికి వైరు కాలిన వాసన వచ్చింది.

కూర్మారావు కరెంటు తీసేసి సొరంగంలోకి చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా పోయింది. బండి తగల్లేదు. రెండో వైపు నుంచి దూర్చాడు. అటూ అంతే. అవతల చూస్తే గోడ. వచ్చినవాళ్ళలో ఒకాయన, కొండకి వెనక తలుపు పెట్టలేదా అని మెల్లగా అడిగాడు. మళ్ళీ అదే మాట. కూర్మారావు ఆయన మీద విరుచుకుపడ్డాడు. రైళ్ళ గురించి మీకేం తెలుసని కేకలేశాడు. జీవితమంతా రైల్వేలో పనిచేసిన మనుషుల్ని పట్టుకుని! వాళ్ళు టీ కప్పులు కింద పెట్టి, చెప్పకుండానే వెళ్ళిపోయారు.

షెడ్డులో ఒక్కడే మిగిలాడు. సుత్తి తెచ్చి మూడువారాలు రంగులేసిన కొండని పగలగొట్టాడు. లోపల ఇంజను పక్కకి ఒరిగి ఉంది. దాని చక్రాల కింద లక్కబొమ్మ ఉంది. సగం మొహం చెక్కుకుపోయింది. జెండా పట్టుకున్న చెయ్యి విరిగిపోయింది.

బొమ్మని చేతిలోకి తీసుకుని కూర్మారావు చాలాసేపు తిట్టాడు. స్నేహితుల్ని తిట్టాడు, బొమ్మ చేసినవాణ్ణి తిట్టాడు, తెచ్చినవాణ్ణి తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది. దీన్ని లోపల పడేసింది తనే. తప్పుకునే చోటు లేకుండా చేసింది తనే. పైనుంచి బండి నడిపిందీ తనే. అన్నేళ్ళ కోపం మొదటిసారి తన మీదకే తిరిగింది. దాని దెబ్బ ఎలా ఉంటుందో అప్పటికి గానీ తెలిసి రాలేదు.

బొమ్మ పట్టుకెళ్ళి నూకరత్నానికి చూపించాడు. "నాకెందుకు చూపిస్తారు? చూపించాల్సిన చోట చూపించండి" అంది ఆవిడ. మూడు వారాల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

అతను గోపాలపట్నం వెళ్ళేసరికి పైడయ్య మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. వచ్చినవాణ్ణి కూర్చోమనలేదు. కూర్మారావు నిలబడే బొమ్మ అందించాడు. "గూళ్ళు గీయడం మర్చిపోయాను బావా. నువ్వడిగిన క్షణమే తెలిసింది. తెలిసే అరిచాను" అన్నాడు.

పైడయ్య బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన గొంతులో ఉన్నది జాలి కాదు, కోపమే.

"మర్చిపోవడం తప్పు కాదు. ఎవడు మర్చిపోడు? పట్టా విరిగిందని నేను ఎర్రజెండా ఊపుతాననుకో. డ్రైవరు బండి ఆపకుండా, నాకే జెండా చూపిస్తావా అని నా మీదకే తోలితే ఏటవుతుంది? నువ్వు నాకు చేసింది అదే బావా. ముందు గూళ్ళు గీసి కబురు చెయ్యి. అప్పటిదాకా నీ గుమ్మం తొక్కను."

కూర్మారావు ఇంటికొచ్చి పాత ప్లాను చింపేసి కొత్తది గీశాడు. సొరంగం సొరంగానికీ గూళ్ళు పెట్టాడు. కొండ వెనక తలుపు పెట్టాడు. మనిషి వెనక్కి వెళ్ళడానికి బల్లని గోడ నుంచి రెండడుగులు ముందుకి జరపాల్సి వచ్చింది. దాంతో స్టేషనుని సగానికి కుదించాల్సి వచ్చింది. కుదించాడు. కాలిన ఇంజనుకి మరమ్మతు చేశాడు. పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత కబురు చేశాడు.

పైడయ్య వచ్చాడు. ఆయన వెనకే నూకరత్నం కూడా షెడ్డులో కాలు పెట్టింది. మూడో సొరంగం గూట్లో చెయ్యి విరిగిన బొమ్మ నిలబడి ఉంది. పైడయ్య తలుపు తీసి దాన్ని చూశాడు, తలుపు మూశాడు. తర్వాత గోడ మీది కొత్త ప్లాను దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు. మళ్ళీ కాగితం మీద వేలు పెట్టాడు.

"బావా, వంతెన మీద కూడా మనిషి తప్పుకోడానికి చోటుండాలి. ఇక్కడ లేదు."

కూర్మారావు చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు కదిలాయి. అతను ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చెవి మీది పెన్సిలు తీసి పైడయ్య చేతిలో పెట్టాడు.

"ఎక్కడుండాలో నువ్వే గియ్యి బావా" అన్నాడు.

పైడయ్య గీసిన గీత వంకరగా వచ్చింది. కూర్మారావు దాన్ని చెరపలేదు. ఆ వంకర గీత ప్రకారమే వంతెన మళ్ళీ కట్టాడు, ఆ మర్నాడు బండి ఎక్కడా ఆగకుండా తిరిగింది.

తప్పు చూపించినవాడు ఎర్రజెండా చూపించినవాడితో సమానం. అతని మీద కోపంతో ముందుకి పోయేవాడు అతణ్ణి గాయపరచడమే కాదు, తన బండినీ పడగొట్టుకుంటాడు.